యాడ్సా, ఒకేసారి ధరా, సబ్‌స్క్రిప్షనా, కాంట్రాక్టు పనా? సొంత యాప్‌కు డబ్బు దారి ఎంచుకోవడం

"అన్నా, యాప్ అయిపోయింది. ఇప్పుడు దీంట్లోంచి డబ్బులు ఎలా రాబట్టాలి?"

ఈ మెసేజ్ నాకు నెలకొకటైనా వస్తుంది. మొన్న పంపినవాడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం కుర్రాడు. ఈఏపీసెట్ పాత ప్రశ్నలతో బిట్ బ్యాంక్ యాప్ చేశాడు. యాప్ బాగానే ఉంది. వాడు అడిగిన తీరులోనే ఉంది చిక్కంతా. ఇల్లు కట్టడం అయిపోయాక మెట్లు ఎక్కడ పెట్టాలని మేస్త్రీని పిలిచినట్టుంది. డబ్బు ఏ దారిన వస్తుందన్నదాన్ని బట్టి యాప్‌లో లాగిన్ కావాలా వద్దా, డేటా ఫోన్‌లో ఉంచాలా సర్వర్‌లోనా, మొదటి స్క్రీన్ మీద ఏం కనిపించాలి, ఇవన్నీ మారిపోతాయి.

నేను కాకినాడలో ఇంట్లోంచే ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాలుగు దారులూ తొక్కాను. రోజువారీ తిథి, నక్షత్రం చూపించే యాప్ ఒకటి యాడ్స్ మీద నడుస్తోంది. పాలు పోసేవాళ్ళకు ఇంటింటి లెక్క రాసుకునే యాప్ ఇంకొకటి, మూడు దారులు మారి నాలుగో చోట కుదురుకుంది. మధ్యమధ్య బయటి పనులు. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే. వియత్నాం కుర్రాడు ఫ్లాపీ బర్డ్ గేమ్‌తో రోజుకు 50,000 డాలర్లు సంపాదించాడన్న కథ అందరూ చెబుతారు. 2014 ఫిబ్రవరిలో అతనే ఆ గేమ్‌ని తీసేశాడన్నది కొందరే చెబుతారు. అలాంటివి పక్కన పెట్టి, నెల గడవడం గురించి మాట్లాడుకుందాం.

## ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి

యాప్‌ని ఎన్నిసార్లు తెరుస్తారు, ఏ పరిస్థితిలో తెరుస్తారు? అన్నిటికన్నా ఇదే ముఖ్యం. తిథి యాప్‌ని పొద్దున కాఫీ తాగుతూ చూస్తారు, తొందరేమీ ఉండదు. పాల లెక్క యాప్‌ని తెల్లవారి అయిదింటికి, గేటు ముందు బండి స్టాండ్ వేసి, తడి చేతుల్తో, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఫోన్ మీద నొక్కుతారు. ఇద్దరూ రోజూ తెరిచేవాళ్ళే. కానీ మొదటాయనకు యాడ్ చూపించవచ్చు, రెండో ఆయనకు చూపిస్తే తిడతాడు. ఇంకో రకం ఉంది: ఫొటో సైజు తగ్గించే యాప్ లాంటివి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజున తెరిచి, పని అవగానే మర్చిపోతారు.

దీనివల్ల వాడేవాడికి డబ్బు మిగులుతుందా, కాలక్షేపం అవుతుందా? లెక్క తప్పితే పాలాయనకు నెలాఖరున జేబులోంచి పోతుంది. కాబట్టి ఆయన డబ్బు ఇస్తాడు. నక్షత్రం చూసుకునే ఆయన పైసా ఇవ్వడు. తప్పేం లేదు, గోడ క్యాలెండర్‌ని కిరాణా కొట్టువాడు ఊరికే ఇస్తున్నాడు కదా.

వాడేవాళ్ళు ఎక్కడున్నారు? సామర్లకోటలోనా, డల్లాస్‌లోనా? యాడ్స్ రేటూ, పెట్టగలిగే ధరా, డబ్బు కట్టే పద్ధతీ మూడూ దీన్ని బట్టే ఉంటాయి.

యాప్ మీకు నెలనెలా ఖర్చు పెట్టిస్తుందా? సర్వర్, మ్యాప్, ఎస్సెమ్మెస్ ఓటీపీ, ఏఐ, ఏది వాడినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఏమీ వాడకపోయినా మీ టైమ్ పోతుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లకు తగ్గట్టు టార్గెట్ ఏపీఐ స్థాయిని, అంటే యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం కట్టారో చెప్పే అంకెని, పెంచమని గూగుల్ ప్లే ఏటా అడుగుతుంది. 2025 ఆగస్టు 31 గడువుకు కొత్త యాప్‌లకూ, అప్‌డేట్లకూ ఆండ్రాయిడ్ 15 స్థాయి, అంటే ఏపీఐ 35, తప్పనిసరి చేసింది. మూడేళ్ళ క్రితం అమ్మి మర్చిపోయిన యాప్‌కి కూడా ఈ పని చేయాల్సిందే.

మీ చేతిలో ఎన్ని నెలల ఇంటి ఖర్చు ఉంది? దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. నిజానికి సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

## ఏ దారికైనా తప్పని ఖర్చులు

గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు 25 డాలర్లు, ఒకేసారి. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, ఏటా. మొదటి రూపాయి రాకముందు ఐఫోన్ వైపు వెళ్ళడం తెలుగు వాడుకరుల కోసమైతే దండగే. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసమైతే వేరే మాట, అక్కడ ఐఫోన్ లేకుండా కుదరదు.

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతాలకు ఇంకో మెట్టు ఉంది: యాప్ అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్ట్, అంటే పిలిచిన కొద్దిమందితోనే పరీక్ష, నడపాలి. మొదట 20 మంది టెస్టర్లు అన్నారు, తర్వాత 12 మందికి తగ్గించారు. వాళ్ళు వరసగా 14 రోజులు టెస్టులో ఉండాలి. చుట్టాల్లో పన్నెండు మంది ఆండ్రాయిడ్ ఫోన్లవాళ్ళని వెతికి, జీమెయిల్ ఐడీలు అడిగి, లింకు నొక్కించడమంటే పెళ్ళికి పిలుపులు చేసినంత పని. ముందే మొదలుపెట్టండి.

వ్యక్తిగత ఖాతాతో డబ్బు తీసుకుంటే మీ పూర్తి చిరునామా ప్లే స్టోర్ పేజీలో అందరికీ కనిపిస్తుంది. ఇంటి అడ్రస్ బయటపడటం ఇష్టం లేనివాళ్ళు, ముఖ్యంగా ఒంటరిగా ఉంటూ పనిచేసే ఆడపిల్లలు, ఈ సంగతి ఖాతా తెరవకముందే ఆలోచించుకోవాలి. సంస్థ పేరున ఖాతా తెరవాలంటే డీ-యు-ఎన్-ఎస్ నంబరు, అంటే వ్యాపార సంస్థలను గుర్తించే అంతర్జాతీయ నంబరు, కావాలి.

అమ్మకాల మీద కమీషన్ సంగతి: గూగుల్ 2021 జులై నుంచి ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల వరకు 15 శాతం తీసుకుంటోంది. ఆపిల్ కూడా చిన్న డెవలపర్ల ప్రోగ్రామ్‌లో చేరినవాళ్ళకు 2021 జనవరి నుంచి 15 శాతమే. షరతులు మారుతుంటాయి కాబట్టి మీ డెవలపర్ ఖాతా పేజీలో ఒకసారి చూసుకోండి. కింది లెక్కలన్నిటికీ 15 శాతమే వేశాను.

## ఒకే కొలతతో నాలుగు దారులు

పోల్చడానికి ఒక అంకె కావాలి. నెలకు ₹18,000 అనుకుందాం. గొప్ప సంపాదన కాదు, ఊళ్ళో అద్దె, కరెంటు, ఇంటర్నెట్, కూరగాయలు గడిచే డబ్బు. పన్నులకు ముందు లెక్క ఇది. యాడ్స్‌కు వెయ్యి సార్లు చూపిస్తే ₹40 వస్తుందని లెక్క కోసం అనుకున్నాను. మీ యాప్‌కి ఇంతకన్నా ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు.

| దారి | ₹18,000 రావాలంటే | మొదటి డబ్బు చేతికి | ఎక్కువ ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|
| యాడ్స్ | రోజూ 5,000 మంది తెరిచి, తలా 3 యాడ్స్ చూడాలి | నెమ్మది | జనాన్ని కూడగట్టడం |
| ఒకేసారి ధర, ₹199 | నెలకు 107 మంది కొత్తగా కొనాలి | త్వరగానే | ప్రతి నెలా మళ్ళీ సున్నా నుంచి |
| సబ్‌స్క్రిప్షన్, ఏడాదికి ₹499 | 510 మంది చందాదారులు నిలవాలి | మధ్యస్థం | నిలబెట్టుకోవడం |
| కాంట్రాక్టు పని | మూడు నెలలకు ₹54,000 పని ఒకటి | అడ్వాన్సుతోనే | ఆఖరి వాయిదా వసూలు |

107 అన్న అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అది ప్రతి నెలా అని మర్చిపోకండి. 510 పెద్దదిగా కనిపిస్తుంది, కానీ ఒకసారి చేరితే వాళ్ళలో చాలామంది వచ్చే ఏడాదీ ఉంటారు. 5,000 మంది అంటే డౌన్‌లోడ్లు కాదు, ఇవాళ తెరిచినవాళ్ళు. యాభై వేల డౌన్‌లోడ్లున్నా రోజూ రెండు వేల మందైనా తెరవని యాప్‌లు ఎన్నో.

## యాడ్స్

యాడ్స్ పెట్టడం సులువు, యాప్‌లలో ప్రకటనలు చూపించే గూగుల్ సేవ యాడ్‌మాబ్‌తో ఒక సాయంత్రం పని. అందుకే అందరూ ముందు ఇటే వస్తారు. తిథి, వాతావరణం, సామెతలు, పిల్లల పేర్లు, పాత సినిమా క్విజ్ లాంటి వాటికి ఇదే సరైన దారి. వాడేవాళ్ళు ఎక్కువ, వాళ్ళలో డబ్బిచ్చేవాళ్ళు దాదాపు సున్నా.

ఒక చూపుకు వచ్చే రేటు దేశాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో తక్కువ, అమెరికాలో బాగా ఎక్కువ. నా తిథి యాప్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తిథి లెక్క స్థానిక సూర్యోదయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకు హైదరాబాద్ క్యాలెండర్ కొన్ని రోజులు పనికిరాదు. ఊరు ఎంచుకునే సౌకర్యం పెట్టాక అక్కడివాళ్ళు వాడటం మొదలుపెట్టారు. వాళ్ళు వాడేవాళ్ళలో కొద్దిమందే అయినా రాబడిలో వాళ్ళ వంతు పెద్దది. యాడ్స్ దారిలో వెళ్ళేవాళ్ళు "ఇది విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు కూడా పనికొస్తుందా" అని తప్పకుండా ప్రశ్నించుకోవాలి.

డబ్బు చేతికి రావడానికి రెండు గడపలు దాటాలి. రాబడి 10 డాలర్లకు చేరాక చిరునామా నిర్ధారణకు పోస్టులో పిన్ వస్తుంది. అవును, కాగితం మీద, ఉత్తరంలో. మడత విప్పితే లోపల ఆరంకెలు. నేను ఖాతాలో పాత డోర్ నంబర్ ఇచ్చాను, మా వీధికి కొత్త నంబర్లు వేసి అప్పటికే రెండేళ్ళయింది. నెల రోజులు ఎదురుచూశాక ఆ ఉత్తరం మూడో వీధిలో ఒక టైలర్ షాపులో దొరికింది, ఆయన దాన్ని కొలతల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు. కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కు అర్థమయ్యే అడ్రస్ రాయండి, ల్యాండ్‌మార్క్‌తో సహా. రెండో గడప: బాకీ 100 డాలర్లు దాటితేనే బ్యాంకుకు పంపుతారు. మొదట్లో అక్కడికి చేరడానికి నెలలు పట్టవచ్చు.

ఇంకో ప్రమాదం ప్రేమతో వస్తుంది. మా పెదనాన్నగారి అబ్బాయి నాకు మేలు చేస్తున్నాననుకుని రోజూ టీ తాగుతూ నా యాప్‌లో యాడ్స్ నొక్కేవాడు. అలాంటి క్లిక్కులను అక్రమ ట్రాఫిక్‌గా లెక్కేస్తారు, ఖాతానే పోవచ్చు. ఆ సంగతి తెలిసి ఆపించేదాకా నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. మీ ఫోన్‌లో ఎప్పుడూ టెస్ట్ యాడ్సే, అంటే పరీక్ష కోసం ఇచ్చే నమూనా ప్రకటనలే, పెట్టుకోండి.

పిల్లల యాప్ అయితే యాడ్స్ ఆలోచన దాదాపు మానేయండి. పిల్లల యాప్‌లకు గూగుల్ ప్లే పెట్టిన విధానం కింద ఏ యాడ్స్ చూపవచ్చో నిబంధనలు గట్టిగా ఉంటాయి. రాబడి తగ్గుతుంది, రిస్కు పెరుగుతుంది.

పాల లెక్క యాప్‌కి కూడా నేను మొదట యాడ్సే పెట్టాను. సామర్లకోటలో ఒక పాలాయన వెంట తెల్లవారుజామున తిరిగితే గానీ నా తెలివితక్కువతనం తెలియలేదు. ఆయన మూడో ఇంటికి లీటరున్నర నొక్కగానే తెర నిండా ఏదో రమ్మీ ప్రకటన. మూలన ఇంటూ గుర్తు, తడి వేలికి అది దొరకదు. దొరికేలోపు నాలుగో ఇంటామె గిన్నె పట్టుకుని నిలబడింది. ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకుని పాలు పోశాడు. మూడో ఇంటి లెక్క ఆ రోజు ఎక్కలేదు. ఇంటికొచ్చి తెర నిండే ప్రకటనలన్నీ తీసేశాను.

## ఒకేసారి ధర

మనవాళ్ళకు బాగా అర్థమయ్యే బేరం ఇది. డబ్బిచ్చాం, వస్తువు మనది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను ముందు చెప్పేది కూడా ఇదే, ఒక మార్పుతో: యాప్‌కే ధర పెట్టకండి. డౌన్‌లోడ్ ఉచితంగా ఇచ్చి, లోపల ఒక తాళం పెట్టండి, అంటే కొంత ఉచితం, మిగతాది డబ్బు కడితేనే తెరుచుకోవాలి.

దీనికి గట్టి కారణం ఉంది. గూగుల్ ప్లేలో ఒకసారి ఉచితంగా ఇచ్చిన యాప్‌ని తర్వాత డబ్బు యాప్‌గా మార్చలేరు. కొత్త ప్యాకేజీ పేరుతో, అంటే స్టోర్‌లో వేరే యాప్‌గా, మళ్ళీ మొదలుపెట్టాలి, పాత రేటింగులూ రివ్యూలూ పోతాయి. డబ్బు యాప్‌ని ఉచితం చేయవచ్చు కానీ అక్కణ్ణుంచి వెనక్కి రాలేరు. లోపల తాళమైతే ధర ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పండక్కి తగ్గించుకోవచ్చు.

తాళం ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. పని మొదలయ్యే చోట కాదు, పని బాగా సాగి ఇరుకైన చోట పెట్టాలి. పాల యాప్‌లో ఇరవై ఇళ్ళ దాకా ఉచితం. ఇరవై ఒకటో ఇల్లు చేర్చుకునేటప్పటికి ఆయన వ్యాపారం పెరిగింది, నా యాప్ మీద నమ్మకమూ కుదిరింది. ఆ క్షణంలో ధర అడిగితే చిరాకు పడడు.

ఇబ్బంది ఏమిటంటే, కొన్నాయన ఎప్పటికీ మీ కస్టమరే. నాలుగేళ్ళ క్రితం ₹199 ఇచ్చినాయన ఇవాళ కొత్త ఫోన్ కొని, "పాత లెక్కలు రావట్లేదు" అని ఆదివారం మధ్యాహ్నం భోజనం వేళకు ఫోన్ చేస్తాడు. అడిగే హక్కు ఆయనకుంది. మీకు మాత్రం ఆ పనికి కొత్త డబ్బు రాదు. అందుకే సర్వర్ అక్కర్లేని, డేటా ఫోన్‌లోనే ఉండే, ఏటా చిన్న మరమ్మతులతో సరిపోయే యాప్‌లకే ఈ దారి. కాలిక్యులేటర్లు, భూమి కొలతలు సెంట్లలోకీ గజాల్లోకీ మార్చేవి, నిఘంటువులు, ఆఫ్‌లైన్ పాఠాలు. క్లౌడ్ బ్యాకప్ మీరు ఇవ్వాల్సి వస్తే ఒకేసారి ధర పెట్టకండి. ప్రతి కొనుగోలూ మీ మీద జీవితకాలపు అప్పు అవుతుంది.

ప్లే బిల్లింగ్, అంటే గూగుల్ ప్లే సొంత చెల్లింపు పద్ధతి, కాకుండా సొంత పేమెంట్ కూడా పెట్టవచ్చా అని కొందరు అడుగుతారు. వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో ప్లే బిల్లింగ్ విధానాల మీద గూగుల్‌కు ₹936.44 కోట్ల జరిమానా వేసింది. మన దేశంలో రెండో బిల్లింగ్ పద్ధతికి దారి ఉంది, అలా కడితే గూగుల్ కమీషన్ 4 శాతం తగ్గుతుంది. ₹199లో అది ₹8. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే దాదాపు ₹4.70 అక్కడ పోతుంది. మిగిలే మూడు రూపాయల కోసం రిఫండ్లు, లెక్కలు అన్నీ మీరే మోయాలి. ఒక్క మనిషికి ఈ బేరం అక్కర్లేదు.

## సబ్‌స్క్రిప్షన్

ప్రపంచమంతా ఇటే నడుస్తోంది. నెలనెలా వచ్చే ఆదాయం ఉంటే డెవలపర్‌కు నిద్ర పడుతుంది, అది నిజం. కానీ మన దేశంలో దీనికి ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది.

2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు కోసే ముందు కనీసం 24 గంటలు ముందుగా కస్టమర్‌కు సమాచారం వెళ్ళాలి. మొదటిసారి మ్యాండేట్ (ఆటోమేటిక్ కోతకు అనుమతి) పెట్టేటప్పుడు అదనపు నిర్ధారణ ఉంటుంది. ఆ తర్వాత ₹15,000 లోపు కోతలకు మళ్ళీ ఓటీపీ అక్కర్లేదు. ఇది కస్టమర్‌కు మంచిదే, నేనూ కస్టమర్నే. కానీ అమ్మేవాడి వైపు నుంచి చూడండి: నెలవారీ చందా పెడితే ఏడాదికి పన్నెండు సార్లు "రేపు మీ డబ్బు పోతుంది" అని మెసేజ్ వెళ్తుంది. పన్నెండు సార్లూ ఆయన "ఇది నిజంగా అవసరమా" అని ఆలోచిస్తాడు. ఏడాది చందాకు ఒక్కసారే. అందుకే ఇక్కడ నెలవారీ ప్లాన్ కన్నా ఏడాది ప్లాన్ మేలు.

యాడ్స్ తీసేశాక పాల యాప్‌కి ఒకేసారి ధర పెట్టాను. అప్పటికే అందరూ ఫోన్ మారిస్తే లెక్కలు పోకూడదని అడగడంతో బ్యాకప్ పెట్టాల్సి వచ్చింది, సర్వర్ ఖర్చు మొదలైంది. సరేనని నెలవారీ చందాకు మారాను. సామర్లకోట పాలాయన మొదటి నెలే ఆపేశాడు. కారణం అడిగితే చెప్పిన మాట నాకు ఇప్పటికీ పాఠమే:

"నెలనెలా కోత నాకొద్దు బాబూ. నేను వెయ్యకుండా నా ఖాతాలోంచి డబ్బు పోవడమేంటి? రీచార్జి లాగ పెట్టు. సంవత్సరానికోసారి నేనే వేసుకుంటా."

రీచార్జి! ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళ చేతికి అలవాటైన పద్ధతి. గూగుల్ ప్లేలో దీనికి సరిపోయేది ఉంది, ప్రీపెయిడ్ ప్లాన్. గడువు ఉంటుంది, తనంతట తాను రెన్యూ కాదు, కావాలంటే మళ్ళీ వేసుకుంటారు. యాప్‌లో "సబ్‌స్క్రైబ్" అన్న బటన్ తీసేసి "ఏడాది రీచార్జి" అని రాశాను. గడువు ముగియడానికి వారం ముందు ఒక చిన్న పట్టీ చూపిస్తాను. ముగిశాక కూడా పాత లెక్కలు చూడనిస్తాను, కొత్తవి రాయనివ్వను. ఆయన డేటాను తాకట్టు పెట్టుకున్నట్టు ఉండకూడదు.

ఆటో రెన్యూ లేకపోతే కొందరు జారిపోతారు, నిజమే. మర్చిపోయి డబ్బు కట్టేవాళ్ళ మీద వచ్చే ఆదాయం ఇందులో ఉండదు. దానికి బదులు ఒక్క స్టార్ రివ్యూలు తగ్గాయి, "డబ్బు కొట్టేశారు" అన్న మాట వినపడట్లేదు. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పే యాప్ లాంటిదైతే నేనే మామూలు ఆటో రెన్యూ చందా పెట్టమంటాను. అక్కడి తల్లిదండ్రులకు అది అలవాటు, మధ్యలో పిల్లాడి పాఠం ఆగితేనే వాళ్ళకు చిరాకు.

ఒక హెచ్చరిక. చందా తీసుకుంటున్నారంటే ప్రతి నెలా ఏదో ఒకటి ఇస్తున్నట్టు కనపడాలి: కొత్త పాఠం, కొత్త ప్రశ్నలు, బ్యాకప్, నివేదిక. ఏమీ మారని యాప్‌కి చందా పెడితే అద్దె ఇంటికి సున్నం కూడా వేయని యజమానిలా ఉంటుంది.

## కాంట్రాక్టు పని

దీన్ని చాలామంది సొంత యాప్ దారుల్లో లెక్కించరు. నేను లెక్కిస్తాను, ఎందుకంటే సొంత యాప్ నిలబడేదాకా అన్నం పెట్టేది ఇదే. ఊళ్ళో డయాగ్నస్టిక్ సెంటర్, కోచింగ్ సెంటర్, ఆక్వా మేత డీలర్, వీళ్ళందరికీ చిన్న చిన్న యాప్‌లు కావాలి. అడ్వాన్సు మొదటి రోజే వస్తుంది.

నేను చేయి కాల్చుకున్నదీ ఇక్కడే. ఒక ప్రైవేట్ కాలేజీకి హాజరు యాప్ చేశాను. సంతకం పెట్టిన కాగితం లేదు, నోటి మాటే. యాప్ నా ఖాతా నుంచే స్టోర్‌లో పెట్టాను. ఆఖరి వాయిదా ఇవాళ్టికీ రాలేదు. ప్రిన్సిపాల్ మారారు, కొత్తాయన "నాకేం తెలియదండీ" అన్నారు. ఆ తర్వాత నా పద్ధతి ఇది: 40 శాతం ముందు, 30 శాతం మధ్యలో, మిగిలిన 30 శాతం స్టోర్‌లో పెట్టే ముందు. పెట్టిన తర్వాత కాదు. యాప్ ఎప్పుడూ క్లయింటు సొంత డెవలపర్ ఖాతాలోనే ఉండాలి. సోర్స్ కోడ్ ఎవరిది, మరమ్మతులు ఎన్నాళ్ళు ఉచితం అన్నది ఒక పేజీలో రాసుకోవాలి. వాట్సాప్‌లో "ఓకే" కన్నా ఈమెయిల్‌లో "అంగీకరిస్తున్నాం" మేలు.

అసలు నష్టం డబ్బు కాదు, రోజులు. కాంట్రాక్టు పని తీపిగా ఉంటుంది, ఒకటి అవగానే ఇంకొకటి వస్తుంది, సొంత యాప్ "వచ్చే నెల" అవుతూ ఉంటుంది. నేను వారంలో సోమ, మంగళ, బుధ బయటి పనికి, మిగతావి సొంతానికి అని గీత గీసుకున్నాను. గీత ఎన్నోసార్లు చెరిగింది, ఒప్పుకుంటాను.

## దారి మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, పేరున్నవాళ్ళూ మార్చుకున్నారు. అమెరికా డెవలపర్ మార్కో ఆర్మెంట్ ఐఫోన్‌లో పాడ్‌కాస్టులు వినే ఓవర్‌కాస్ట్ యాప్‌ని 2014 జులైలో ఉచితంగా ఇచ్చి, లోపల ఒకేసారి ధరతో తాళం పెట్టాడు. 2015 అక్టోబర్‌లో అన్నీ ఉచితం చేసి, ఇష్టమైనవాళ్ళు ఇచ్చే విరాళాల మీద నడిపాడు. 2016 సెప్టెంబర్‌లో యాడ్స్ పెట్టి, యాడ్స్ వద్దనేవాళ్ళకు ఏడాది చందా ఇచ్చాడు. రెండేళ్ళు దాటేసరికి మూడు పద్ధతులు. అంతటివాడికే ఒక్కసారిలో కుదరలేదు.

మార్చేటప్పుడు ఒక్కటి పాటించండి: పాతవాళ్ళకు ఇచ్చిన మాట తప్పకండి. నా పాల యాప్‌ని ఒకేసారి ధరకు కొన్నవాళ్ళందరికీ ఇప్పటికీ అన్నీ తెరిచే ఉన్నాయి, రీచార్జి అడగను. వాళ్ళే నా యాప్‌ని పక్క ఊరి పాలవాళ్ళకు చూపిస్తున్నారు.

## మీరెవరన్నదాన్ని బట్టి

చదువుకుంటున్నవాళ్ళు: ఇంటి ఖర్చు మీ మీద లేదు కాబట్టి నెమ్మదిగా పెరిగే దారులు మీకు సరిపోతాయి. యాడ్స్‌తో జనం ఎలా వాడతారో నేర్చుకోండి, లోపల ఒక తాళం కూడా పెట్టి చూడండి. కాంట్రాక్టు పని ఒక్కటి చేయండి, డబ్బు కోసం కాదు, క్లయింటుతో మాట్లాడటం వస్తుంది.

ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు చేసేవాళ్ళు: ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, బయటి పని గురించీ మీరు రాసిన కోడ్ ఎవరిదన్నదాని గురించీ ఏం రాశారో చదవండి. ఇబ్బంది లేకపోతే ఒకేసారి ధర మీకు నప్పుతుంది. సపోర్ట్ కాల్స్ తక్కువ ఉండే యాప్ ఎంచుకోండి. పగలు మీటింగులో ఉండగా పాలాయన ఫోన్ చేస్తే ఎత్తలేరు. కాంట్రాక్టు జోలికి పోకండి, రెండు డెడ్‌లైన్లు ఒకే వారంలో వస్తాయి, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నవాళ్ళు: కనీసం ఏడాది ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. కాంట్రాక్టుతో మొదలుపెట్టి, వ్యాపారులకు పనికొచ్చే రీచార్జి యాప్ ఒకటి కట్టుకోవడం నాకు తెలిసినంతలో నిలబడే పద్ధతి. యాడ్స్‌ని మాత్రమే నమ్ముకుని ఉద్యోగం మానకండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు: ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. యాప్ మీద డబ్బు తీసుకోవడానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. "అందరూ చేస్తున్నారు" అన్న మాట మీద ఆధారపడకండి.

పన్నుల గురించి క్లుప్తంగా. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి ₹20 లక్షలు. యాడ్స్ డబ్బు విదేశీ చెల్లింపుగా వస్తుంది, బ్యాంకువాళ్ళు పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్) అడుగుతారు, విదేశీ డబ్బు వచ్చినట్టు వాళ్ళిచ్చే కాగితాలు దాచుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే ఎగుమతి మీద పన్ను కట్టకుండా పంపవచ్చు. కాంట్రాక్టు పనిలో క్లయింటు టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోస్తే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున కనిపించిందో లేదో చూసుకోండి. మన దేశంలో అమ్మే యాప్‌ల మీద జీఎస్టీ సంగతి మొదటి అమ్మకానికి ముందే సీఏని అడగండి. సంవత్సరానికి ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు.

బిట్ బ్యాంక్ కుర్రాడి సంగతి మర్చిపోయాను. వాడి యాప్‌ని పిల్లలు నాలుగైదు నెలలే వాడతారు, పరీక్ష అయ్యాక తీసేస్తారు. ఏడాది చందా వాళ్ళకు అక్కర్లేదు. మాక్ టెస్ట్ మధ్యలో యాడ్ వస్తే మెదడు చెదురుతుంది. "పరీక్ష రోజు దాకా" అని ఒక్క ప్రీపెయిడ్ ప్లాన్ పెట్టమన్నాను, మొదటి రెండు మాక్ టెస్టులు ఉచితంగా ఇచ్చి. ధర ₹149 పెడతానన్నాడు, సరేనన్నాను. ప్రస్తుతం పన్నెండు మంది టెస్టర్ల కోసం హాస్టల్‌లో గది గదికీ తిరుగుతున్నాడు. నిన్న రాత్రికి తొమ్మిది మంది దొరికారట. మిగతావాళ్ళవన్నీ ఐఫోన్లే.